సముద్రం మీద విషం: విశాఖ కుటుంబాలు తెలుసుకోవాల్సిన సంగతులు

2020 మే 7 తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతంలో విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ ప్లాంటు నుంచి స్టైరీన్ ఆవిరి బయటికొచ్చి నిద్రలో ఉన్న ఊరి మీదికి పాకింది. 12 మంది చనిపోయారు, వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు. ఆ తర్వాత కొద్ది రోజులకే ప్రభుత్వం ఇంకో ఉత్తర్వు ఇచ్చింది. నగరంలో మిగిలిన స్టైరీన్ నిల్వలన్నీ, అంటే సుమారు 13,000 టన్నులు, ఓడల్లో దక్షిణ కొరియాకు తిరిగి పంపేయాలని. మొదటి ఓడలో 8,000 టన్నుల దాకా వెళ్లింది.

చాలామంది "హమ్మయ్య, పీడ వదిలింది" అనుకున్నారు. అలా అనుకోవడం సహజమే. కానీ ఆ సరుకు వచ్చింది కూడా సముద్రం మీదే. రేవులో దిగి, ట్యాంకుల్లో నిలిచి, మళ్లీ అదే రేవు నుంచి వెళ్లింది. సముద్రం విషాన్ని మాయం చేయదు, ఒకరి గుమ్మం నుంచి ఇంకొకరి గుమ్మానికి చేరుస్తుంది, అంతే. దారిలో ఎవరి చేతులు మారుతుందో, ఆ చేతులకు నిజం తెలుసో లేదో, అక్కడే ప్రమాదం ఉంటుంది. విశాఖ లాంటి రేవు నగరంలో ఈ సంగతి అధికారులకు ఎంత అవసరమో, గాజువాకలో, మల్కాపురంలో, కోటవీధిలో ఉండే కుటుంబాలకూ అంతే అవసరం.

సరుకు వేరు, వ్యర్థం వేరు

ముందు ఒక తేడా అర్థం చేసుకోవాలి. స్టైరీన్ వ్యర్థం కాదు. ప్లాస్టిక్ తయారీకి వాడే ముడిసరుకు. ప్రమాదకర సరుకును ఓడల్లో పంపడానికి అంతర్జాతీయ సముద్ర రవాణా నిబంధనలున్నాయి. వ్యర్థాలకు వాటితోపాటు బాసెల్ ఒప్పందం, మన దేశంలో 2016 నాటి ప్రమాదకర, ఇతర వ్యర్థాల నిబంధనలు కూడా వర్తిస్తాయి.

విష వ్యర్థం అంటే ఎక్కడో దూరాన ఉండే వస్తువేం కాదు. పాత బ్యాటరీల్లోని సీసం, ఆమ్లం, వాడేసిన ఇంజిన్ ఆయిల్, చమురు ట్యాంకుల అడుగున పేరుకునే మడ్డి, ఉక్కు కర్మాగారాల కోక్ ఓవెన్ల దగ్గర వచ్చే తారు మడ్డి, మందుల ఫ్యాక్టరీల రసాయన అవశేషాలు, ఆస్‌బెస్టాస్, పాత కంప్యూటర్లు, ఫోన్లు, ఇవన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. విశాఖ ప్రాంతంలోని పరిశ్రమల్లో పుట్టే ఇలాంటి వ్యర్థాల కోసం పరవాడ దగ్గర ప్రత్యేకమైన శుద్ధి, పూడ్చివేత కేంద్రం ఉంది.

సరుకుకీ వ్యర్థానికీ అసలు తేడా మనిషి మనసులో ఉంటుంది. సరుకైతే అవతలి రేవులో కొన్నవాడు ఎదురుచూస్తుంటాడు. పాడైతే నష్టం కాబట్టి జాగ్రత్తగా చూస్తారు. వ్యర్థం సంగతి అలా కాదు. దాన్ని వదిలించుకోవడానికి డబ్బు ఇచ్చినవాడు మళ్లీ దాని ముఖం చూడాలనుకోడు. పైగా డ్రమ్ములో ఏయే రసాయనాలు ఎంతెంత కలిశాయో పంపినవాడికే సరిగ్గా తెలియకపోవచ్చు. కాబట్టి కాగితం మీద అబద్ధం రాసే ఆశ వ్యర్థం దగ్గరే ఎక్కువ.

ఓడెక్కించేది ఎందుకు?

జవాబు ఒక్కటే, ఖర్చు. 1970, 80ల్లో సంపన్న దేశాల్లో పర్యావరణ చట్టాలు గట్టిపడ్డాయి. ఒక టన్ను విష వ్యర్థాన్ని సొంత గడ్డ మీద సరిగ్గా శుద్ధి చేయడం కంటే, ఓడెక్కించి పేద దేశంలో దింపేయడం చౌకగా తేలింది.

1986లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరం చెత్త కాల్చిన బూడిద సుమారు 14,000 టన్నులతో ఖియాన్ సీ అనే ఓడ బయల్దేరింది. ఏ దేశమూ రానివ్వలేదు. 1988 మొదట్లో హైతీ తీరంలో ఎరువు అని చెప్పి 4,000 టన్నుల దాకా దింపేసి వెళ్లిపోయింది. తర్వాత ఓడ పేర్లు మార్చుకుంటూ తిరిగింది. మిగతా బూడిదను అట్లాంటిక్, హిందూ మహాసముద్రాల్లో పారబోసినట్టు తేలింది. హైతీ తీరంలోని కుప్పను తీయడానికి 2000 సంవత్సరం దాకా పట్టింది.

అదే 1988లో నైజీరియాలోని కోకో అనే చిన్న రేవు ఊరిలో ఇటలీ నుంచి వచ్చిన వేల టన్నుల విష వ్యర్థాల డ్రమ్ములు బయటపడ్డాయి. ఒక స్థానికుడి పెరడును నెలకు కొద్దిపాటి అద్దెకు తీసుకుని అక్కడ పేర్చారు. ఇలాంటి ఘటనలపై వచ్చిన ఆగ్రహం నుంచే 1989 మార్చిలో బాసెల్ ఒప్పందం పుట్టింది.

ఒప్పందం వచ్చినా ఆశ చావలేదు. 2006లో ట్రాఫిగురా అనే అంతర్జాతీయ చమురు వ్యాపార సంస్థ తరఫున ప్రోబో కోలా అనే ఓడలో నాసిరకం పెట్రోలు ఉత్పత్తిని కాస్టిక్ సోడాతో కడిగారు. మిగిలిన మురికిని మొదట ఆమ్‌స్టర్‌డామ్‌లో దించబోయారు. దుర్వాసన చూసి అక్కడి సంస్థ శుద్ధి ధరను అనేక రెట్లు పెంచింది. దాంతో దాన్ని మళ్లీ ఓడలోకే ఎక్కించుకుని వెళ్లిపోయారు. ఆగస్టు 19 రాత్రి ఐవరీ కోస్ట్‌లోని అబిద్‌జాన్ నగరంలో లారీలు ఆ మురికిని పలుచోట్ల కుమ్మరించాయి. అక్కడి అధికారుల లెక్క ప్రకారం 15 మందికి పైగా చనిపోయారు, లక్షకు పైగా జనం వైద్యం కోసం వచ్చారు.

దారిలో ప్రమాదం ఎక్కడెక్కడ?

విషం కదిలే దారిలో నాలుగు చోట్ల ఆగి చూడాలి.

మొదటిది, ఓడలోకి ఎక్కించే చోటు. పెట్టె మీద ఏం రాశారో, లోపల అదే ఉందా? డ్రమ్ము సరైనదేనా? 2021లో సింగపూర్ జెండాతో నడిచే ఎక్స్‌ప్రెస్ పెర్ల్ ఓడలో నైట్రిక్ ఆమ్లం ఉన్న కంటైనర్ ఒకటి కారుతోందని సిబ్బంది గుర్తించారు. దాన్ని దింపుకోమని ఖతర్‌లోని హమద్ రేవునూ, మన గుజరాత్‌లోని హజీరా రేవునూ అడిగారు. రెండు చోట్లా కుదరలేదు. ఓడ అలాగే కొలంబో దాకా వెళ్లింది. మే 20న మంటలు అంటుకున్నాయి. 1,486 కంటైనర్లున్న ఓడ కాలిపోయి మునిగింది. ప్లాస్టిక్ గుళికలు శ్రీలంక తీరమంతా మంచు పడ్డట్టు పరుచుకున్నాయి. కొన్ని నెలల కిందటే నీటిలోకి దిగిన కొత్త ఓడ అది. అంటే ఓడ కొత్తదైనంత మాత్రాన భద్రం అనుకోవడానికి లేదు.

రెండోది, ప్రయాణం. కొన్ని రసాయనాలు ఊరికే పడి ఉండవు. స్టైరీన్‌నే తీసుకోండి. వేడి పెరిగితే దాని అణువులు ఒకదానితో ఒకటి అతుక్కోవడం మొదలవుతుంది. అలా అతుక్కునేటప్పుడు ఇంకా వేడి పుడుతుంది. ఆ వేడికి ఇంకా వేగంగా అతుక్కుంటాయి. దీన్ని ఆపడానికి చల్లగా ఉంచాలి, టీబీసీ అనే నిరోధక రసాయనం కలపాలి, ట్యాంకులో అన్ని మట్టాల్లోనూ ఉష్ణోగ్రత కొలుస్తుండాలి. వెంకటాపురంలో ట్యాంకులో సుమారు 1,800 టన్నుల స్టైరీన్ లాక్‌డౌన్ రోజుల్లో కదలకుండా నిలిచిపోయింది. ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ చల్లబరిచే ఏర్పాట్లలోనూ, నిరోధకం విషయంలోనూ, ట్యాంకు నిర్మాణంలోనూ లోపాలున్నాయని, సైరన్ కూడా మోగలేదని 2020 జులైలో తేల్చింది. కదలని ట్యాంకులోనే ఇంత జరిగితే, ఎండలో, అలల మీద రోజుల తరబడి సాగే ప్రయాణంలో ఎంత కాపలా కావాలో ఊహించుకోవచ్చు.

మూడోది, ఓడ నుంచి ఒడ్డుకు దించే చోటు. విశాఖకు ఇది పాత గాయం. 1997 సెప్టెంబరు 14, ఆదివారం ఉదయం. ఓడ నుంచి గొట్టాల ద్వారా వంటగ్యాస్‌ను హెచ్‌పీసీఎల్ రిఫైనరీ నిల్వ గోళాల్లోకి ఎక్కిస్తుండగా గ్యాస్ లీకై అంటుకుంది. 60 మంది వరకు చనిపోయారు. మల్కాపురం పరిసరాల నుంచి జనం కట్టుబట్టలతో పరుగులు తీశారు. చెన్నై దగ్గర ఎన్నూరులో 2023 డిసెంబరు 26 అర్ధరాత్రి జరిగింది కూడా ఇలాంటిదే. ఓడ నుంచి ఎరువుల కర్మాగారానికి అమోనియా తెచ్చే సముద్రగర్భ గొట్టం నుంచి వాయువు లీకవడంతో జాలరి పేటల్లో చాలామంది ఊపిరాడక ఆస్పత్రుల పాలయ్యారు. విశాఖ రేవులోనూ అమోనియా, ఆమ్లాలు, ముడిచమురు దిగుతుంటాయి.

నాలుగోది, రేవులో నిల్వ. 2013లో ఒక ఓడ 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్‌తో లెబనాన్‌లోని బీరూట్ చేరింది. యజమాని చేతులెత్తేశాడు. సరుకును రేవు గోదాములో పెట్టారు. లేఖలు ఒక కార్యాలయం నుంచి ఇంకో కార్యాలయానికి తిరిగాయి తప్ప సరుకు కదల్లేదు. 2020 ఆగస్టు 4న అది పేలింది. 200 మందికి పైగా చనిపోయారు, సగం నగరం దెబ్బతింది. అప్పుడు విశాఖ పేరు కూడా వార్తల్లోకి వచ్చింది. ఎందుకంటే మన దేశానికి ఓడల్లో వచ్చే అమ్మోనియం నైట్రేట్ ప్రధానంగా దిగేది ఇక్కడే. ఇది గనుల పేలుళ్లకు కావాల్సిన సరుకే. కానీ యజమాని లేని సరుకు రేవులో పడి ఉంటే ఏమవుతుందో బీరూట్ చూపించింది.

విశాఖ నేల స్వరూపం కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. లోపలి హార్బరు చుట్టూ డాల్ఫిన్స్ నోస్, యారాడ కొండలు ఒకవైపు, కైలాసగిరి కొండల వరుస ఇంకోవైపు. మధ్యలో గిన్నె లాంటి పల్లం. పొగ, వాయువులు త్వరగా చెదిరిపోవు. దర్గా కొండ మీద నిలబడి చూస్తే రేవు, రిఫైనరీ, ఇళ్లు ఎంత దగ్గరదగ్గరగా ఉన్నాయో కళ్లకు కనపడుతుంది. రేవు 1933లో మొదలైంది. తర్వాత ఊరు దాని చుట్టూ, కర్మాగారాల చుట్టూ పెరిగింది.

నీటిలో పడితే?

2025 మే 25న లైబీరియా జెండా ఉన్న ఎంఎస్‌సీ ఎల్సా 3 అనే ఓడ విఝింజం నుంచి కొచ్చి వెళ్తూ కేరళ తీరంలో మునిగింది. సిబ్బంది 24 మందీ బతికారు. ఓడలో 640 కంటైనర్లు. వాటిలో 13 ప్రమాదకర సరుకువి, 12 కాల్షియం కార్బైడ్‌వి. కార్బైడ్ అంటే మన పండ్ల మండీల్లో దొంగచాటుగా కాయలు మగ్గబెట్టడానికి వాడేదే. నీరు తగిలితే దాని నుంచి మండే వాయువు పుడుతుంది. ఇవి కాక ఓడ ట్యాంకుల్లో 84 టన్నుల డీజిల్, 367 టన్నుల ఫర్నేస్ ఆయిల్ ఉన్నాయి. ప్లాస్టిక్ గుళికలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. కేరళ ప్రభుత్వం దీన్ని రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. పక్షం రోజులు గడిచాయో లేదో, జూన్ 9న వాన్ హై 503 అనే మరో ఓడ అదే రాష్ట్ర తీరానికి దూరంగా మంటల్లో చిక్కుకుంది.

మొదట దెబ్బ తగిలేది జాలరికి. వేటకు వెళ్లొద్దంటారు. వెళ్లినా "చేపల్లో విషం ఉందంట" అన్న మాట ఒక్కటి చాలు, మార్కెట్లో కొనేవాడు ఉండడు. కంటైనర్ల మీద పడి వలలు చిరిగిపోతాయి. పరిహారం కేసులు ఏళ్లు పడతాయి. ఎక్స్‌ప్రెస్ పెర్ల్ విషయంలో శ్రీలంక సుప్రీంకోర్టు 100 కోట్ల డాలర్లు కట్టాలని ఆదేశించింది 2025 జులైలో, అంటే నాలుగేళ్ల తర్వాత.

మన తీరానికి ఇలాంటిది రాదని ఏమీ లేదు. 2020 అక్టోబరులో వాయుగుండం గాలులకు ఎంవీ మా అనే బంగ్లాదేశ్ ఓడ లంగరు తెగి నేరుగా విశాఖ తెన్నేటి పార్కు ఒడ్డుకు కొట్టుకొచ్చింది. అది ఖాళీ ఓడ కాబట్టి నగరవాసులు ఫొటోలు దిగే వింతగా మిగిలింది. అదే ఓడలో విష రసాయనాల డ్రమ్ములు ఉండి ఉంటే సంగతి వేరుగా ఉండేది.

చట్టం ఏం చెబుతోంది?

బాసెల్ ఒప్పందం మూల సూత్రం సులువే. వ్యర్థం చేరే దేశానికి ముందుగా లిఖితపూర్వకంగా తెలపాలి, ఆ దేశం ఒప్పుకోవాలి, ఆ తర్వాతే ఓడ కదలాలి. భారత్ 1992లో దీన్ని ఆమోదించింది. సంపన్న దేశాల నుంచి మిగతా దేశాలకు విష వ్యర్థాలు పంపడాన్ని నిషేధించే సవరణ 1995లో చేసినా, 2019 డిసెంబరు 5న గానీ అమల్లోకి రాలేదు. ప్లాస్టిక్ వ్యర్థాలపై కొత్త నియమాలు 2021 జనవరి 1 నుంచి, ఎలక్ట్రానిక్ వ్యర్థాలపై 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నాయి.

మన 2016 నిబంధనల సారాంశం ఇదీ. పారేయడం కోసం ఏ దేశం నుంచీ ప్రమాదకర వ్యర్థాలను దిగుమతి చేసుకోకూడదు. రీసైక్లింగ్, పునర్వినియోగం వంటి పనుల కోసమైతే కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి ఉండాలి. అక్రమంగా దిగుమతి చేస్తే, చేసినవాడే సొంత ఖర్చుతో 90 రోజుల్లో తిప్పి పంపాలి.

కాగితం మీద ఇది బాగానే ఉంది. ఆచరణలో ఏమవుతుందో ముంబై నవా షేవా రేవు కథ చెబుతుంది. లూబ్రికేటింగ్ ఆయిల్ పేరుతో వచ్చిన 133 కంటైనర్లలో ఉన్నది విష వ్యర్థ చమురు. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2005 జనవరిలో కోర్టు వాటిని దిగుమతిదారుల ఖర్చుతోనే కాల్చి నాశనం చేయమంది. అప్పటికే ఆ కంటైనర్లు ఏళ్ల తరబడి రేవులో ఉన్నాయి.

తిప్పి పంపిన మంచి ఉదాహరణా ఉంది. తమిళనాడు కొడైకెనాల్‌లో హిందుస్థాన్ లీవర్ థర్మామీటర్ల ఫ్యాక్టరీలో పేరుకున్న పాదరసం వ్యర్థాలు సుమారు 290 టన్నులను 2003లో తూత్తుకుడి రేవు నుంచి అమెరికాకు పంపించారు. స్థానికులు, కార్మికులు పట్టుబట్టడం వల్లే అది జరిగింది. అయితే అక్కడి మట్టిలో ఇంకిన పాదరసాన్ని ఏ ఓడా తీసుకెళ్లలేకపోయింది. దాన్ని శుద్ధి చేసే పని ఏళ్లకేళ్లు సాగింది.

పాత ఇనుము, బ్యాటరీల వ్యాపారంలో ఉన్నవారికి

ఉక్కు నగరంలో తుక్కు కూడా పెద్ద వ్యాపారమే. మన కుటుంబాల్లో కబాడీ, పాత బ్యాటరీలు, పాత కంప్యూటర్ల పనితో బతికేవారు తక్కువేం కాదు. విదేశాల నుంచి వచ్చే తుక్కులో ఏముంటుందో కంటికి తెలియదు. 2004 సెప్టెంబరు 30న ఘజియాబాద్ దగ్గర భూషణ్ స్టీల్ కర్మాగారంలో దిగుమతి తుక్కులో కలిసి వచ్చిన పేలని మందుగుండు పేలి 10 మంది కార్మికులు చనిపోయారు. ఆ తర్వాతే తుక్కుకు ఓడెక్కే ముందు తనిఖీ ధ్రువపత్రం తప్పనిసరి చేశారు. కాబట్టి:

దిగుమతి తుక్కు కొనేటప్పుడు రశీదుతో పాటు తనిఖీ ధ్రువపత్రం నకలు అడగండి. ఇవ్వనంటే ఆ సరుకు ముట్టుకోవద్దు.

మూత బిగించి ఉన్న సిలిండర్లు, బరువైన సీసపు డబ్బాలు, గుండ్ల ఆకారంలో ఉన్నవి, మూడు రెక్కల రేడియేషన్ గుర్తు ఉన్నవి కోయకండి, కొట్టకండి. పక్కకు జరిగి 112కు ఫోన్ చేయండి.

పాత బ్యాటరీలు ఇంటి దగ్గర పగలగొట్టి సీసం కరిగించవద్దు. ఆ పొగ, దుమ్ము ముందు పట్టుకునేది ఇంట్లోని పిల్లలనే. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. అనుమతి ఉన్న రీసైక్లర్‌కే అమ్మండి.

రేవు కార్మికులకు, పక్కన ఉండే కుటుంబాలకు

కంటైనర్ లేదా ట్యాంకర్ మీద వజ్రం ఆకారపు గుర్తు, నాలుగంకెల సంఖ్య ఉంటాయి. అదే ఆ రసాయనం ఐక్యరాజ్య సమితి సంఖ్య. 1005 అంటే అమోనియా, 2055 అంటే స్టైరీన్, 1942 అంటే అమ్మోనియం నైట్రేట్, 1402 అంటే కాల్షియం కార్బైడ్. ప్రమాదం జరిగితే ఆ నాలుగంకెలు చెప్పగలిగితే చాలు, ఏ మందు వాడాలో, నీళ్లు చల్లాలో వద్దో అగ్నిమాపక సిబ్బందికీ డాక్టర్లకూ వెంటనే తెలుస్తుంది.

గుర్తు చెరిపేసిన, కారుతున్న, ఉబ్బిన డ్రమ్మును దించమంటే ఆగి అడిగే హక్కు కార్మికుడికి ఉంది. గ్లౌజులు, ముసుగు ఇవ్వకుండా ఆ పని చేయించకూడదు. కాంట్రాక్టు కూలీ అయినా ఇదే మాట.

వాయువు లీకైతే గాలి ఎటు వీస్తుందో చూసి, దానికి అడ్డంగా పక్కకు వెళ్లాలి. గాలితోపాటు పరుగెత్తితే విషం వెంటే వస్తుంది. ముక్కుకూ నోటికీ తడిగుడ్డ కట్టుకోవాలి. స్టైరీన్ ఆవిరి గాలి కంటే బరువైనది, పల్లంలో పేరుకుంటుంది. కాబట్టి కాలువలు, పల్లపు దారులు వదిలి ఎత్తుకు వెళ్లాలి. అగ్గిపుల్ల గీయకూడదు.

ఒడ్డుకు కొట్టుకొచ్చిన డ్రమ్ము, కంటైనర్, తెల్లటి గుళికలు పిల్లలు ముట్టుకోకుండా చూడండి. సముద్రంలో ఆపద కనపడితే కోస్ట్ గార్డ్ నంబరు 1554.

అడగాల్సిన నాలుగు ప్రశ్నలు

ఏదైనా విష పదార్థం విశాఖ రేవుకు వస్తోందని గానీ, ఇక్కడి నుంచి వెళ్లిపోతోందని గానీ వార్త విన్నప్పుడు భయపడటం, ఊపిరి పీల్చుకోవడం రెండూ కాస్త ఆపి నాలుగు మాటలు అడగాలి. అసలు అది ఏమిటి? ఎవరు పంపుతున్నారు, ఎవరు తీసుకుంటున్నారు? రేవులో ఎన్ని రోజులు, ఎక్కడ ఉంటుంది? ఏదైనా జరిగితే ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? వీటికి జవాబులు సమాచార హక్కు చట్టం కింద కాలుష్య నియంత్రణ మండలినీ, పోర్టునూ రాతపూర్వకంగా అడగవచ్చు. కార్మిక సంఘం తరఫున, మొహల్లా కమిటీ తరఫున, జాలరి సంఘం తరఫున కలిసి అడిగితే ఇంకా బలం.

వెంకటాపురంలో ఆ రాత్రి పడుకున్నవాళ్లలో చాలామందికి పక్క గోడ అవతల ట్యాంకులో ఏముందో తెలియదు. అబిద్‌జాన్‌లో లారీలు ఏం కుమ్మరించాయో తెల్లారేదాకా ఎవరికీ తెలియలేదు. ముందే తెలిసి ఉంటే అన్ని ప్రాణాలూ దక్కేవని చెప్పలేం. కానీ ఎటు పరుగెత్తాలో, ముఖానికి ఏం కప్పుకోవాలో తెలిసినా కొందరైనా బతికేవారు. ఆ సమాచారం అడగడం రేవు పక్కన బతికే ప్రతి కుటుంబం హక్కు.